చదువుతున్నారు.. అర్థమవుతోందా?

యాప్‌లు వింటున్నది పిల్లల గొంతునే.. అర్థం అడిగే బాధ్యత ఎవరిది?

ఆదిలాబాద్: తెర మీద ఒక వాక్యం ప్రత్యక్షమవుతుంది. ఫోను పట్టుకున్న బాలిక దానిని బిగ్గరగా చదువుతుంది. సరిగా పలికిన ప్రతి పదానికీ గుర్తు పడుతుంది. తడబడిన చోట యంత్రమే ఆ పదాన్ని పలికి వినిపిస్తుంది. కథ ముగిసేసరికి నక్షత్రాలు కురుస్తాయి. పిల్లలకు చదవడం నేర్పుతామంటూ ఇటీవలి సంవత్సరాల్లో వచ్చిన యాప్‌లలో చాలా భాగం ఈ బాటలోనే నడుస్తున్నాయి. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులను చూసుకోవాల్సిన గిరిజన గ్రామాల బడులకు ఇవి వరంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అయితే కథలో ఏం జరిగిందని అదే బాలికను అడిగితే జవాబు వస్తుందా? ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష ఉన్న ఆదిలాబాద్ వంటి జిల్లాలో ఈ ప్రశ్నకు మరింత బరువుంది.

అంకెల్లో కనిపించే లోటు

ప్రథమ్ సంస్థ 2005 నుంచి వెలువరిస్తున్న 'అసర్' నివేదికలు పల్లెల్లో పిల్లల చదువు ఏ స్థాయిలో ఉందో చెబుతున్నాయి. సర్వే బృందాలు ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తాయి. తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 2018లో 18.1 శాతం. కరోనా కారణంగా మూతపడిన బడులు తెరుచుకున్న తర్వాత, 2022లో, ఆ సంఖ్య 5.2 శాతానికి పడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 22.6 నుంచి 10.3 శాతానికి దిగజారింది. దేశం మొత్తమ్మీద ఇదే కాలంలో 27.3 నుంచి 20.5 శాతానికి తగ్గి, 2024 నివేదిక నాటికి 27.1 శాతానికి చేరి కోలుకుంది.

ఈ పరీక్ష ప్రధానంగా కొలిచేది బయటికి చదవగలగడాన్నేనన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. అంటే 2022లో తెలంగాణలో వందకు ఐదుగురు మాత్రమే దాటిన గడప అది. చదివినదాన్ని గ్రహించడం ఆ తర్వాతి గడప.

ఈ లోటును పూడ్చేందుకు ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాలూ ఉన్నాయి. కేంద్రం 2021 జులైలో 'నిపుణ్ భారత్' ప్రారంభించి, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డా అర్థవంతంగా చదవాలన్న లక్ష్యం పెట్టింది. తెలంగాణ విద్యాశాఖ 2022 ఆగస్టులో ప్రాథమిక పాఠశాలల్లో 'తొలిమెట్టు'ను చేపట్టింది. 2025 ఫిబ్రవరిలో ఏక్‌స్టెప్ ఫౌండేషన్ సహకారంతో ఎంపిక చేసిన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కృత్రిమ మేధ ఆధారంగా తెలుగు, ఆంగ్లం, గణితం నేర్పే ప్రయోగం మొదలైంది. ఇళ్లలో పరికరానికీ కొరత తగ్గింది. బడిఈడు పిల్లలున్న గ్రామీణ కుటుంబాల్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి దేశంలో 2018లో 36 శాతం కాగా 2022కు 74.8 శాతమయ్యాయని అసర్ లెక్క. అయితే ఫోను ఉన్నంత మాత్రాన అందులో చదువే సాగుతోందని అనుకోలేం. 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో సర్వేకు ముందు వారంలో చదువు కోసం ఫోను వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతమని 2024 నివేదిక తెలిపింది.

యంత్రం ఏం వింటుంది?

గూగుల్ 2019 మార్చిలో 'బోలో' పేరుతో హిందీ, ఆంగ్ల భాషల్లో ఒక పఠన యాప్‌ను భారత్‌లో విడుదల చేసింది. 2020 మేలో దాని పేరును 'రీడ్ ఎలాంగ్'గా మార్చి, తెలుగుతో సహా తొమ్మిది భాషలకు విస్తరించింది. అందులో 'దియా' అనే బొమ్మ పాప పిల్లల చదువును ఆలకించి, తప్పు పోయిన చోట సాయం చేసేది. కథలు ఒకసారి దిగుమతి చేసుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేది. సిగ్నల్ అందని గూడేలకు ఈ ఒక్క వెసులుబాటే పెద్ద మేలు. విడుదలకు ముందు ఉత్తరప్రదేశ్‌లో దాదాపు 200 గ్రామాల్లో ప్రయోగించి చూడగా మూడు నెలల్లో 64 శాతం పిల్లల పఠన సామర్థ్యం మెరుగుపడిందని ఆ సంస్థ అప్పట్లో ప్రకటించింది.

ఈ తరహా యాప్‌లు చేసే పని నిజానికి చిన్నదేమీ కాదు. పిల్లవాడు ఏ వాక్యం చదవబోతున్నాడో యంత్రానికి ముందే తెలుసు. వినిపించిన ధ్వనిని ఆ వాక్యంతో పోల్చి, ఏ పదం పలికాడు, ఏది వదిలేశాడు అన్నది అప్పటికప్పుడు తేలుస్తుంది. నలభై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి చేత రోజుకు పది నిమిషాలు చదివించాలంటే ఉపాధ్యాయునికి దాదాపు ఏడు గంటలు కావాలి. అంత సమయం ఏ బడిలోనూ దొరకదు. యంత్రం విసుగు చెందదు, కసురుకోదు, తోటివారి ముందు నవ్వులపాలు చేయదు. సిగ్గుతో తరగతిలో నోరు విప్పని పిల్లలు ఫోను ముందు విప్పడానికి ఇది ముఖ్య కారణం.

అయితే తెలుగు లిపికి ఉన్న ఒక సుగుణమే ఇక్కడ చిక్కు తెచ్చిపెడుతోంది. ఆంగ్లంలో అక్షరాలన్నీ తెలిసినా కొత్త పదాన్ని ఎలా పలకాలో తెలియకపోవచ్చు. తెలుగులో ఆ బాధ చాలా తక్కువ. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే చాలు, ఎన్నడూ వినని పదాన్నయినా పలికేయవచ్చు. 'అనివార్యం' అన్న మాటను మూడో తరగతి బాలుడు గడగడా చదివేస్తాడు. దానికి అర్థం తెలుసని కాదు. ధారాళంగా చదివే గొంతు వెనుక ఏమీ అందని బుర్ర దాగి ఉండేందుకు ఈ లిపిలో వీలు ఎక్కువ. గొంతును మాత్రమే వినే యంత్రం ఆ బాలుడికి పూర్తి మార్కులు వేస్తుంది.

ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు 1986లో ప్రతిపాదించిన సూత్రం దీన్ని సులువుగా వివరిస్తుంది. చదివి గ్రహించడమనేది రెండు సామర్థ్యాల లబ్ధమని వారన్నారు. ఒకటి, అక్షరాలను మాటగా మార్చడం. రెండోది, ఆ భాషలో చెప్పిన మాటను అర్థం చేసుకోవడం. కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే.

వేగాన్ని కొలమానంగా తీసుకున్నా ఇదే ఇబ్బంది. మూడో తరగతి బిడ్డ నిమిషానికి కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవాలని నిపుణ్ భారత్ మార్గదర్శకాలు పేర్కొన్నాయి. కానీ 'వెళ్లలేకపోయినందువల్ల' అన్నది తెలుగులో ఒకే పదం. హిందీలోనో ఆంగ్లంలోనో అదే భావానికి నాలుగైదు పదాలు పడతాయి. పదాలను లెక్కపెట్టి భాషల మధ్య పోటీ పెడితే తెలుగు పిల్లలు నత్తనడకన ఉన్నట్టే కనిపిస్తారు. ఆ భయంతో వేగం పెంచమని ఒత్తిడి చేస్తే మొదట బలయ్యేది అర్థమే.

అర్థం లేని మాటలకూ జవాబు

యాప్‌లు గ్రహణశక్తిని అసలు పట్టించుకోవడం లేదని అనడం సరికాదు. కథ చివర రెండు మూడు ప్రశ్నలు, నాలుగేసి జవాబులు ఇచ్చి సరైనది ఎంచుకోమనే యాప్‌లు ఉన్నాయి. పాఠ్యపుస్తకాల అభ్యాసాల్లోనూ ఇటువంటివి కొల్లలు. ఇవి ఎంతవరకు అర్థాన్ని పరీక్షిస్తాయో ఒక చిన్న ఉదాహరణ చాలు.

'టిమ్మడు దొరిమెను పిమటకు తోలాడు' అనే వాక్యం తీసుకుంటే ఇందులో చివరి మాట తప్ప ఏ మాటకూ అర్థం లేదు. అయినా ఎవరు తోలాడని అడిగితే టిమ్మడు. దేనిని? దొరిమెను. ఎక్కడికి? పిమటకు. మూడు ప్రశ్నలకు మూడు సరైన జవాబులు, నూటికి నూరు మార్కులు. జవాబు ఇచ్చింది పిల్లవాడి అవగాహన కాదు, మాటల చివరనున్న 'ను', 'కు' అనే విభక్తులు. పాఠంలోని పదాన్నే వెతికి జవాబుగా ఇచ్చే ప్రశ్నలు ఎన్ని అడిగినా తేలేది ఇంతే.

ఇంకో రకం ప్రశ్న ఉంది. 'వాన రాలేదు. రైతు విత్తనాల సంచిని మళ్లీ అటక మీద పెట్టాడు.' రైతు అలా ఎందుకు చేశాడు? జవాబు ఆ రెండు వాక్యాల్లో ఎక్కడా లేదు. తడి లేని దుక్కిలో విత్తితే గింజ మాడిపోతుందన్న తెలివి పిల్లవాడి దగ్గర ఉండాలి, దానిని పాఠానికి జోడించాలి. ఆదిలాబాద్ జిల్లాలో పత్తి చేల మధ్య పెరిగిన పిల్లలకు మృగశిర కార్తెలో ఆకాశం వైపు చూసే తండ్రి ముఖం పరిచితమే. పట్నపు పిల్లవాడి కన్నా ఈ ప్రశ్నకు వీరే ముందుగా జవాబు చెప్పగలరు. కాకపోతే ఆ జవాబు తెలుగులో రాకపోవచ్చు. నాలుగు జవాబుల చట్రంలో ఇమడకపోవచ్చు.

ఇంట గోండీ.. బడిలో తెలుగు

జిల్లాలోని ఇంద్రవెల్లి, నార్నూర్, ఉట్నూర్ వంటి మండలాల్లో బడికి వచ్చే పిల్లల్లో ఎందరికో ఇంటి భాష గోండీ. కొలామీ, లంబాడీ, మరాఠీ, ఉర్దూ మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి. గోండీ కూడా తెలుగులాగే ద్రావిడ భాషే. అయినా నిత్యం వాడే మాటలు వేరు. గోండీలో నీళ్లు 'ఏర్', ఇల్లు 'రోన్'. 'ఏరు పొంగింది' అన్న వాక్యం చదివిన గోండు బాలికకు వాగు కాక పొయ్యి మీద కుండలోని నీళ్లు తోస్తే ఆమెను తప్పుపట్టలేం. యాప్ మాత్రం ఆ వాక్యం పక్కన నక్షత్రం వేసి ముందుకు సాగుతుంది. పైగా 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం రావడంతో ఒకే పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఆంగ్లం అయ్యాయి. ఇంటి భాషతో కలిపి ఆ బిడ్డ మోయాల్సినవి మూడు భాషలు.

ఉచ్చారణ దగ్గరా పేచీ ఉంది. పత్రికా భాషకు, పాఠ్యపుస్తకానికి అలవాటుపడిన గొంతులతో తర్ఫీదు పొందిన యంత్రం పల్లె యాసను, గిరిజన యాసను ఎలా వింటుందన్నది ప్రధానం. ఒత్తక్షరాలను, శ, ష, స ల తేడాను పాటించి మాట్లాడేవారు తెలుగువారిలోనే తక్కువ. ఆ పట్టింపు పెట్టుకుంటే అర్థమై చదివే బిడ్డ కూడా తప్పు చదివినట్టే లెక్క. పట్టింపు సడలిస్తే ఊహించి గొణిగే బిడ్డా గట్టెక్కేస్తుంది. ఒకే గదిలో పదిమంది ఒకేసారి బిగ్గరగా చదువుతుంటే ఎవరి గొంతు ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పడమూ కష్టమే.

ఇంటి భాషలో చదువు అన్నది ఈ ప్రాంతానికి కొత్త ఆలోచన కాదు. నిజాం ప్రభుత్వ కాలంలోనే, 1943లో, మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం వెలిసింది. గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో అచ్చువేశారు. ఆ ఊరు ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండీ, కోయ, కొలామీ, సవర తదితర ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితోనే బహుభాషా విద్య మొదలైంది. నార్నూర్ మండలం గుంజాలలో వెలుగుచూసిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దక్కింది. 2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ గోండీతో సహా నాలుగు భాషలతో 'ఆది వాణి' అనువాద యాప్‌ను ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. ఎనభై ఏళ్లలో ప్రతి తరమూ ఒక ప్రయత్నం చేసింది. ఒకదానిపై మరొకటి కట్టుకుంటూ వెళ్లడమే జరగలేదు. తెలుగు యాప్‌తో గోండు పిల్లలకు తెలుగు చదవడం నేర్పుతున్న తాజా ప్రయత్నానికీ ఆ ముప్పు లేకపోలేదు.

ఢిల్లీ కేంద్రాల్లో తేలిందేమిటి?

సాంకేతికతతో చదువు మెరుగుపడుతుందా అన్న చర్చలో తరచూ వినిపించే అధ్యయనం ఒకటుంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ ఢిల్లీలో 'మైండ్‌స్పార్క్' కేంద్రాలపై చేసిన ఈ పరిశోధన 2019లో ప్రచురితమైంది. లాటరీ ద్వారా అవకాశం దక్కిన పిల్లలు నాలుగున్నర నెలల్లోనే, దక్కనివారికన్నా స్పష్టంగా ముందుకెళ్లారు. పరిశోధకులు వాడే ప్రామాణిక విచలనం కొలతలో గణితంలో 0.37, హిందీలో 0.23 మేర తేడా కనిపించింది. విద్యారంగంలో ఇంత తక్కువ కాలంలో ఇది చెప్పుకోదగ్గ ఫలితమే.

కంపెనీల కరపత్రాల్లో కనిపించని సంగతి మరొకటి ఉంది. ఆ కేంద్రాల్లో పిల్లలు గడిపిన గంటన్నరలో కంప్యూటర్ ముందు గడిపింది సగమే. మిగతా 45 నిమిషాలు పదిహేను మందికి మించని బృందాలుగా కూర్చుని ఒక బోధకుని దగ్గర చదువుకున్నారు. ఫలితంలో కంప్యూటర్ వాటా ఎంత, మనిషి వాటా ఎంత అన్నది విడదీసి చెప్పలేమని పరిశోధకులే ఒప్పుకున్నారు. గణితం కన్నా భాషలో లాభం తక్కువగా ఉండటమూ గమనార్హం.

పరికరాలు మాత్రమే పంచితే ఏమవుతుందన్నదానికి పొరుగు రాష్ట్రంలోనే పాఠం ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5.18 లక్షల ట్యాబ్‌లను బైజూస్ పాఠాలతో అందజేసింది. ఆ సంస్థ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. బడి పాఠం ఒక కంపెనీ ఖాతా పుస్తకాలపై ఆధారపడితే ఎంత దూరం వెళ్తుందన్న అనుమానం అప్పుడే బలపడింది. దీనికి భిన్నంగా ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన 'స్టోరీ వీవర్' వేదికలో కథలు ఎవరైనా ఉచితంగా చదువుకునేందుకు, తమ భాషలోకి అనువదించుకునేందుకు అనుమతితోనే లభిస్తాయి. జిల్లాలోని గోండు ఉపాధ్యాయులకు ఉపయోగపడేది ఈ రకం ఏర్పాటు.

చదువురాని తల్లీ పెట్టగల పరీక్ష

పిల్లల చదువులో తల్లిదండ్రులు పాలుపంచుకోవాలన్న మాట వచ్చినప్పుడల్లా ఏజెన్సీ గ్రామాల్లో ఎదురయ్యే సమాధానం ఒకటే: తమకే అక్షరం ముక్క రాదని. ఇది నిజమైన అడ్డంకే. బిడ్డ 'క'ను 'గ'గా చదివితే ఆ తల్లి పట్టుకోలేదు. సరిగ్గా ఈ పనికే యాప్ పుట్టింది. అది అలుపులేకుండా చేస్తుంది కూడా. యాప్ చేయలేని పనికి మాత్రం ఆ తల్లికి అక్షరాలు అక్కర్లేదు. ఫోను పక్కన పెట్టించి 'ఇప్పుడు చదివిన కథేమిటో చెప్పు బిడ్డా' అంటే సరిపోతుంది.

చదివిన కథను సొంత మాటల్లో తిరిగి చెప్పగలగడం గ్రహణశక్తికి చాలా పాత కొలమానం. పైగా నమ్మదగినది. అన్మేరీ పాలింక్సార్, ఆన్ బ్రౌన్ 1984లో ప్రచురించిన బోధన పద్ధతిలోనూ నాలుగు పనులే ఉన్నాయి: తర్వాత ఏమవుతుందో ఊహించడం, ప్రశ్న వేయడం, అర్థంకానిది తేల్చుకోవడం, క్లుప్తంగా చెప్పడం. రాత్రిపూట కథ చెప్పే అవ్వలు ఏ పరిశోధనా చదవకుండానే చేసే పనులివి. 'అప్పుడేమైందో చెప్పుకో' అని ఆపే అవ్వ పిల్లల చేత ఊహింపజేస్తున్నట్టే.

ఆ కథనం గోండీలో సాగవచ్చు, సాగనివ్వాలి. తెలుగులో చదివి గోండీలో పూసగుచ్చినట్టు చెప్పిన బిడ్డకు కథ అందింది. ఇంకా అందాల్సింది కొన్ని తెలుగు మాటలు మాత్రమే. గడగడా చదివి, ఏ భాషలోనూ చెప్పలేని బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డకు మరో పది కథలు చదివించి ప్రయోజనం లేదు, మాటలు నేర్పాలి. ఈ ఇద్దరికీ యాప్ ఇచ్చే నక్షత్రాలు సమానమే. వారిని వేరుచేసి చూపగలిగేది తిరిగి చెప్పించడం ఒక్కటే.

బడిలో దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. ఒక ప్రాథమిక పాఠశాలకు ఐదు కంప్యూటర్లో ట్యాబ్‌లో అందాయనుకుంటే, ముప్పై మంది పిల్లలు తలా ఇరవై నిమిషాలు చదివేందుకు ఆరు విడతలు, రెండు గంటలు పడుతుంది. ఏ సమయంలోనైనా ఐదుగురు తెర ముందు ఉంటే ఇరవై అయిదుగురు బయట ఉంటారు. చదివి వచ్చిన ఐదుగురూ తర్వాతి విడత జరుగుతుండగా ఆ కథను మిగతావారికి చెప్పవచ్చు. ఏకోపాధ్యాయ పాఠశాలలో వినే పనిని నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు అప్పగించవచ్చు. 'ఎందుకు' అన్న ప్రశ్న ఒక్కటైనా అడగాలన్నదే వారికి నియమం. ఉపాధ్యాయుడు రోజుకు ఇద్దరి కథనాన్ని స్వయంగా విన్నా పదిహేను పనిదినాల్లో ముప్పై మందీ పూర్తవుతారు. గోండీ రాని ఉపాధ్యాయుడు ఉన్నచోట ఆ ఊరి అంగన్‌వాడీ కార్యకర్తనో, ఇంటర్ చదివే యువతినో పక్కన కూర్చోబెట్టుకుంటే సరిపోతుంది.

మండల స్థాయి సమీక్షల్లో ఎన్ని నిమిషాలు యాప్ వాడారు, నిమిషానికి ఎన్ని పదాలు చదివారు అన్న లెక్కలు సులభంగా చేరతాయి, ఎందుకంటే వాటిని యంత్రమే పంపుతుంది. కథను తిరిగి చెప్పగలిగినవారు ఎందరు, ఏ భాషలో చెప్పారు అన్న రెండు గడులు అదే పట్టికలో చేర్చడానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఉట్నూర్ ఐటీడీఏ పరిధిలోని బడుల్లో ఒక్క విద్యాసంవత్సరం ఆ గడులు నింపి చూస్తే, తెలుగు కథలకు గోండీ, కొలామీ ప్రతులు ముందుగా ఏ గ్రామాలకు కావాలో జిల్లా యంత్రాంగానికి తెలుస్తుంది.